బుక్‌కీపింగ్ నేర్చుకుని సైడ్‌గా మొదలెడదామనుకుంటే ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు వద్దు

ఉద్యోగం చేసుకుంటూనే సాయంత్రాలు, సెలవురోజులు ఏదైనా సంపాదించుకుందాం అనుకునేవాళ్లకి బుక్‌కీపింగ్ మంచి పనే, అందులో డౌట్ లేదు. పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు, సరుకు కొని పెట్టుకోవాల్సిన పని లేదు, ఒక ల్యాప్‌టాప్, నెట్ కనెక్షన్, ఇంకొంచెం ఓపిక ఉంటే చాలు. కానీ దీని గురించి అడిగేవాళ్లు దాదాపు అందరూ ఒకేలా మొదలెడతారు, ఏ కోర్సు చెయ్యాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని. నా మటుకు నాకు ఆ రెండూ తర్వాత వచ్చే ప్రశ్నలు. వేరేవాళ్ల బ్యాంకు స్టేట్‌మెంటు ఒకటి, వాళ్లు రాసుకున్న పద్దులు ఒకటి పక్కపక్కన పెట్టి, ఈ రెండూ ఎందుకు కలవట్లేదో చెప్పండి అంటే మీరు చెప్పగలరా లేదా, అదే మొదటి ప్రశ్న. ఈ పనికి గుండెకాయ అదే. అందుకే ఇక్కడ నేను ఏ దారిని పోల్చినా ఒకటే కొలబద్ద పెట్టుకున్నా, మిమ్మల్ని ఆ కలపడం అనే పని దగ్గరికి ఏది తొందరగా తీసుకెళ్తుంది అని.

ముందు ఎంత తెలిస్తే సరిపోతుందో చూద్దాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే భయపడి ఆగిపోతారు. జంటపద్దు విధానం రావాలి, అంటే డబ్బు ఒకచోట తగ్గితే ఇంకోచోట ఏదో ఒకటి పెరగాలి లేదా తగ్గాలి, ప్రతి ఎంట్రీకీ రెండు కాళ్లు ఉంటాయి. ఇదేం కొత్త విద్య కాదు, 1494లో వెనిస్‌లో లూకా పచోలీ అనే ఆయన అచ్చులో వివరించిన పద్ధతే, అప్పటి వర్తకులు అంతకుముందు నుంచే వాడుతున్నది, ఇవాళ్టి సాఫ్ట్‌వేర్లన్నీ లోపల చేసేది కూడా అదే. చిట్టా (రోజువారీ ఎంట్రీలు రాసే జర్నల్), ఆవర్జా (ఖాతాలవారీగా ఉండే లెడ్జర్), అంకణా (అన్ని ఖాతాల నిల్వలు చూపే ట్రయల్ బ్యాలెన్స్), లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ (బ్యాలెన్స్ షీట్), ఈ ఐదూ ఒకదాంట్లోంచి ఒకటి ఎలా వస్తాయో కాగితం మీద గీసి చూపించగలిగితే పునాది పడినట్టే. లెక్కల్లో పెద్ద తెలివి అక్కర్లేదు, కూడికలు తీసివేతలు శాతాలు అంతే, కాకపోతే ఎక్కడో 27 తేడా ఉంటే నిద్రపట్టని స్వభావం కొంచెం ఉండాలి.

కొత్తవాళ్లు మొట్టమొదట పప్పులో కాలేసేది ఎక్కడో చెప్తా. ఆస్తి పెరిగితే డెబిట్, ఇవ్వాల్సిన బాకీ పెరిగితే క్రెడిట్. మన పుస్తకంలో బ్యాంకులో డబ్బు పడితే బ్యాంకు ఖాతాకి డెబిట్ రాస్తాం, మరి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అదే డబ్బు క్రెడిట్ అని కనిపిస్తుంది, దాంతో బుర్ర తిరిగిపోతుంది. విషయం ఏంటంటే ఆ స్టేట్‌మెంట్ బ్యాంకు వైపు నుంచి రాసింది, మన డబ్బు మనకి ఆస్తి కానీ బ్యాంకుకి అది మనకి తిరిగి ఇవ్వాల్సిన బాకీ, అందుకే అక్కడ క్రెడిట్. ఈ ఒక్క ముక్క ఒంటబట్టించుకుంటే సగం గందరగోళం పోతుంది. ఎన్ని వీడియోలు చూసినా ఇది ఒంటబట్టకపోతే మాత్రం కోర్సు మార్చడం కాదు చెయ్యాల్సింది, పెన్ను పట్టుకోవాలి.

సొంతంగానా, కోర్సా, ఎవరి దగ్గరైనా పనా

సొంతంగా నేర్చుకోవడం చవక, అసలు ఖర్చే లేదని కూడా అనొచ్చు. ఓపెన్‌స్టాక్స్ వాళ్ల అకౌంటింగ్ పాఠ్యపుస్తకం ఉచితంగానే దొరుకుతుంది, ఇంగ్లిష్ పర్వాలేదనుకుంటే థియరీ వరకు అది దండిగా సరిపోతుంది. వీడియోలకైతే కొదవే లేదు. కానీ దీంట్లో పెద్ద లోపం ఒకటుంది, పుస్తకంలో ఇచ్చే లెక్కలన్నీ శుభ్రంగా ఉంటాయి. "యజమాని 500 సొంతానికి వాడుకున్నాడు" అని పుస్తకమే చెప్తుంది. నిజం బతుకులో ఎవరూ అలా చెప్పరు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఏదో అర్థంకాని పేరుతో 500 పోయినట్టు ఉంటుంది, అది పెన్నులు కొన్నారా, పిల్లాడి ఫీజు కట్టారా అనేది మీరు అడిగి రాబట్టాలి. ఆ అడగడం, గుర్తుచెయ్యడం, మళ్లీ అడగడం ఇదంతా ఏ పుస్తకంలోనూ లేదు.

కోర్సులూ సర్టిఫికెట్లూ రెండు రకాలు, వాటిని కలిపేసి చూడొద్దు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇచ్చేవి ఒకరకం, క్విక్‌బుక్స్ వాళ్ల ప్రోఅడ్వైజర్, జీరో (Xero) వాళ్ల అడ్వైజర్ సర్టిఫికేషన్ లాంటివి, అకౌంటెంట్‌గా ఖాతా తెరిస్తే ఆ ట్రైనింగూ పరీక్షా ఉచితంగానే దొరుకుతాయి, ఆ బటన్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది, క్లయింటుకి చూపించుకోవడానికి ఒక బ్యాడ్జి వస్తుంది. రెండోరకం వృత్తి సంఘాలు ఇచ్చేవి. బ్రిటన్‌లో ఏఏటీ అనే సంఘం ఉంది, మెట్లు మెట్లుగా చదువుకోవచ్చు. అమెరికాలో ఏఐపీబీ అనే సంఘం వాళ్ల సర్టిఫైడ్ బుక్‌కీపర్ ఉంది, దాని సంగతి గమనించండి, పరీక్ష పాసైతే చాలదు, రెండేళ్ల పూర్తికాల పని అనుభవం లేదా దానికి సమానమైన పార్ట్‌టైమ్ అనుభవం చూపించాలి. అంటే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లే పని చేసి రమ్మంటున్నారు, మనమేమో సర్టిఫికెట్ వచ్చాక పని మొదలెడదాం అని కూర్చుంటాం. సీఏ, ఏసీసీఏ లాంటి పూర్తిస్థాయి అకౌంటెంట్ చదువులైతే వేరే ప్రయాణం, ఏళ్ల తరబడి పట్టేది, సైడ్‌గా నెలవారీ పద్దులు రాయడానికి అంత అక్కర్లేదు, ఆ దారిలో వెళ్లాలని ముందే ఉంటే సరే.

మూడోది ఎవరైనా సీనియర్ బుక్‌కీపర్ దగ్గరో, అకౌంటింగ్ ఆఫీసులోనో వారానికి కొన్ని గంటలు పని చెయ్యడం. జీతం తక్కువ, ఒక్కోసారి చెప్పుకోడానికి సిగ్గేసేంత తక్కువ, అయినా నా ఓటు దీనికే. నేను ఇలానే చేశా, ఒక సార్ దగ్గర సాయంత్రాలు. మొదటి నెలలో ఒక క్లయింటు బ్యాంకు లెక్క 270 తేడా వచ్చింది, రెండు సాయంత్రాలు పైనుంచి కిందకి టిక్కులు పెట్టుకుంటూ పోయా, తల ప్రాణం తోకకొచ్చింది, దొరకలేదు. సార్ వచ్చి "9తో భాగించి చూశావా" అన్నారు. 270ని 9తో భాగిస్తే 30, శేషం లేదు. "ఐతే ఎక్కడో రెండు అంకెలు తిరగబడి ఉంటాయి, ఆ రెండిటికీ తేడా 3 ఉంటుంది, వందల స్థానంలో ఒకటి పదుల స్థానంలో ఒకటి, అవి వెతుకు" అని వెళ్లి కూర్చున్నారు. ఐదు నిమిషాల్లో దొరికింది, 1,690 కట్టినదాన్ని నేను 1,960 అని కొట్టా, 9కీ 6కీ తేడా 3. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో భాగింపబడుతుంది, ఇది చిన్న గణితమే, పుస్తకాల్లోనూ ఉంటుంది, కానీ రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాక విన్నది కాబట్టి ఇప్పటికీ మర్చిపోలేదు. ఇంకోటి కూడా ఆయనే చెప్పారు, తేడాని సగం చేసి ఆ మొత్తం కోసం వెతకమని. తేడా 900 ఉందనుకోండి, 450 ఎంట్రీ ఏదైనా ఉందేమో చూడాలి, ఎందుకంటే పోయిన 450ని వచ్చినట్టు రాస్తే తేడా దానికి రెట్టింపు వస్తుంది.

అలా పని దొరకనివాళ్లు ఏం చెయ్యాలి అంటే, మధ్యేమార్గం ఒకటుంది. మీ సొంత ఖాతా మూడు నెలల స్టేట్‌మెంట్ తీసుకోండి, దాన్ని ఒక వ్యాపారం అనుకుని జంటపద్దులో రాయండి, అప్పు కంతులు, క్రెడిట్ కార్డు, చేతిఖర్చులు అన్నీ. క్రెడిట్ కార్డు బిల్లు కట్టింది ఖర్చు కాదు, కార్డు గీకిన రోజే ఖర్చు, బిల్లు కట్టడం బాకీ తీర్చడం, ఇది తెలీకుండా రాస్తే ఖర్చు రెండుసార్లు పడుతుంది, మీ సొంత లెక్కలోనే మీకు దొరుకుతుంది. అప్పు కంతు కూడా అంతే, 5,000 కంతులో 4,200 అసలు 800 వడ్డీ అయితే ఖర్చు 800 మాత్రమే, 4,200 అప్పు తగ్గుతుంది. ఆ తర్వాత తెలిసినవాళ్లలో చిన్న వ్యాపారం ఉన్నవాళ్లని అడిగి ఒక మూడు నెలలు ఉచితంగా చెయ్యండి, మూడే, ఆ సంగతి ముందే చెప్పండి. ఉచితం అనేది తలుపు తెరిచినంత తేలిగ్గా మూసుకోదు.

ఎక్సెలా, కంప్యూటర్‌లో పెట్టుకునే సాఫ్ట్‌వేరా, క్లౌడా

ఎక్సెల్‌లో నేర్చుకోండి, ఎక్సెల్‌లో క్లయింటు పని చెయ్యకండి. నా మాట ఇంతే, కానీ కారణం చెప్పకపోతే బాగోదు. ఎక్సెల్‌లో ఒక నెల చిట్టా, ఆవర్జా, అంకణా మీరే కట్టుకుంటే లోపల ఏం జరుగుతుందో అర్థమవుతుంది, సాఫ్ట్‌వేర్ దాచేసేది అంతా బయటికి కనిపిస్తుంది. కానీ అదే క్లయింటు లెక్కకి వాడితే, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో పక్కా ఆనవాలు ఉండదు, ఒక కాలమ్ సార్ట్ చేసి పక్క కాలమ్ మర్చిపోతే మొత్తం పుస్తకం కాకి లెక్కే, మొత్తం కూడే ఫార్ములా ఆఖరి మూడు వరసలు కలుపుకోకుండా ఆగిపోతే ఎవరికీ తెలీదు. డెబిట్ రాసి క్రెడిట్ మర్చిపోయినా అది నోరు మెదపదు.

కంప్యూటర్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్లలో నేర్చుకోవడానికి గ్నూక్యాష్ బాగుంటుంది, ఉచితం, ఓపెన్ సోర్సు, ఒక కాలు లేని ఎంట్రీ రాస్తే ఆ తేడాని ఇంబ్యాలెన్స్ అనే ఖాతాలో పెట్టి చూపిస్తుంది. చూడ్డానికి పాతకాలం మొహమే, అయినా పునాదికి మంచిది. ట్యాలీ సంగతి వేరు, అలవాటైనవాళ్ల చేతిలో దానంత స్పీడు ఏదీ రాదు, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్ అని మౌస్ ముట్టుకోకుండా వందల వోచర్లు కొట్టేస్తారు, మీకు దొరికే క్లయింట్లు ట్యాలీ వాడేవాళ్లే అయితే ఇంక ఆలోచించక్కర్లేదు.

క్లౌడ్‌లో క్విక్‌బుక్స్ ఆన్‌లైన్, జీరో, జోహో బుక్స్ లాంటివి. సైడ్‌గా చేసేవాళ్లకి ఇవే అనుకూలం, ఎందుకంటే మీరు రాత్రి పదింటికి పని చేస్తారు, క్లయింటు పొద్దున చూసుకుంటారు, ఫైలు పంపుకునే గొడవ లేదు, బ్యాంకు నుంచి లావాదేవీలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. కానీ ఆ వచ్చి కూర్చోవడమే కొత్తవాళ్ల కొంప ముంచుతుంది, ఇది కొంచెం వివరంగా చెప్పాలి. క్లయింటు 10,000కి ఇన్వాయిస్ వేశారు, సాఫ్ట్‌వేర్ అప్పుడే దాన్ని అమ్మకంగా రాసుకుంది, రావాల్సిన బాకీగా కూడా. వారం తర్వాత ఆ 10,000 బ్యాంకులో పడింది, బ్యాంకు ఫీడ్‌లో కనిపించింది. దాన్ని ఆ ఇన్వాయిస్‌తో మ్యాచ్ చెయ్యాలి, అలా కాకుండా కొత్తగా ఆదాయం అని యాడ్ కొట్టారనుకోండి, అమ్మకం రెండుసార్లు పడింది, బాకీ అలానే మిగిలిపోయింది. అంకణా మాత్రం చక్కగా సరిపోతుంది, బ్యాంకు బ్యాలెన్సు కూడా సరిపోతుంది, తప్పు ఎక్కడా కనిపించదు, లాభం మాత్రం ఉబ్బిపోయి ఉంటుంది, క్లయింటు లేని లాభానికి పన్ను కడతారు. దీన్ని పట్టుకునే చోటు రావాల్సిన బాకీల పట్టిక, ప్రతి నెలా అది తెరిచి ఎప్పుడో వసూలైపోయిన బిల్లులు ఇంకా బాకీలో కనిపిస్తున్నాయా అని చూడాలి. నేను ఎవరి పుస్తకాలైనా కొత్తగా తీసుకుంటే మొదట తెరిచేది అదే పేజీ.

ఆన్‌లైన్‌లో కార్డు పేమెంట్లు తీసుకునేవాళ్లకి ఇంకో మెలిక. అమ్మకం 10,000, పేమెంట్ కంపెనీ 300 కోసుకుని 9,700 పంపిస్తుంది. ఫీడ్‌లో 9,700 కనిపించింది కదా అని అమ్మకం 9,700 అని రాసేస్తారు. బ్యాంకు 9,700, ఛార్జీల ఖర్చు 300, అమ్మకం 10,000 అని రాయాలి. చివరి లాభం ఒకటే కదా అని అడుగుతారు, ఒకటే, కానీ అమ్మకం ఎంత అనే అంకె మీద ఆధారపడే పన్నులు, అప్పులు, రిజిస్ట్రేషన్ పరిమితులు ఉంటాయి, అక్కడ తేడా కొడుతుంది.

రెండు మూడు సాఫ్ట్‌వేర్లు ఒకేసారి నేర్చుకోకండి. ఒకటి బాగా వచ్చినవాడికి రెండోది నేర్చుకోవడం చిన్నపని, అరకొరగా మూడు వచ్చినవాడికి మూడూ ఇబ్బందే.

ఏ పని అమ్మాలి, ఎవరికి అమ్మాలి

బుక్‌కీపింగ్ అన్నాక లోపల చాలా పనులున్నాయి, అన్నీ చేస్తా అనేవాళ్లని చూస్తే నాకు భయం. నెలవారీ పద్దులూ బ్యాంకు కలపడమూ ఒకటి, ఇన్వాయిస్‌లు వెయ్యడం బాకీలు గుర్తుచెయ్యడం ఒకటి, జీతాల లెక్కలు ఒకటి, పాత పెండింగ్ లెక్కలు శుభ్రం చెయ్యడం ఒకటి, పన్ను రిటర్నులు ఒకటి. సైడ్‌గా చేసేవాళ్లకి మొదటిది కరెక్టు, ఎందుకంటే అది మీ టైముకి ఒదుగుతుంది, నెల అయ్యాక పదో తారీకులోపు ఇస్తాననొచ్చు, ఈలోపు ఏ రాత్రి చేసినా ఎవరూ అడగరు. జీతాల లెక్క అలా కాదు, జీతం రోజు అంటే జీతం రోజే, ఆరోజు మీ ఉద్యోగంలో ఏ మీటింగో ఉంటే ఇరవైమంది జీతాలు ఆగుతాయి, దానికి తోడు కోతలు కట్టడంలో ఆలస్యమైతే జరిమానాలు. వచ్చినా ఒక ఏడాది దాకా ముట్టుకోకండి.

ఎవరికి అంటే, సరుకు లేని వ్యాపారాలతో మొదలెట్టండి, డిజైనర్లు, ట్రైనర్లు, కన్సల్టెంట్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు. బిల్లు వేస్తారు, డబ్బులొస్తాయి, కొన్ని సబ్‌స్క్రిప్షన్లు, ప్రయాణాలు, అంతే. నెలకి యాభై నుంచి వంద లావాదేవీలు. సరుకు ఉన్న వ్యాపారమైతే స్టాకు లెక్క వస్తుంది, కొన్నదంతా ఖర్చు కాదు, అమ్ముడైనదే ఖర్చు, మిగిలింది ఆస్తి, అది సరిగ్గా లెక్కపెట్టేవాళ్లు తక్కువ. ఆన్‌లైన్ అమ్మకాల వాళ్లు ఇంకా చిక్కు, వాపసులు, కమిషన్లు, రెండు వారాలకోసారి ముద్దగా వచ్చే సెటిల్‌మెంటు. కట్టడాల కాంట్రాక్టర్లకి ఏ పనికి ఎంత ఖర్చయిందో విడివిడిగా కావాలి. అవి నేర్చుకుంటే డబ్బులు బానే వస్తాయి, పోటీ తక్కువ, కాకపోతే మొదటి క్లయింటుగా వద్దు. నగదు ఎక్కువగా ఆడే వ్యాపారాలు కూడా మొదట్లో వద్దంటాను, గల్లాలో డబ్బు ఇంటికి ఎంత వెళ్లిందో యజమానికే తెలీనప్పుడు మీకేం తెలుస్తుంది.

చుట్టాలూ స్నేహితులూ క్లయింట్లుగా పనికొస్తారా? నేర్చుకునేటప్పుడు పనికొస్తారు. తర్వాత వాళ్లే, "అవన్నీ చిన్న చిన్నవి కదా, వదిలెయ్" అంటారు, రసీదులు అడిగితే మొహమాటం. మనం అడగడమూ మానేస్తాం, అది ఇంకా ప్రమాదం.

గంటలెక్కనా, నెలకి ఇంతనా

మొదట్లో అందరూ గంటలెక్కన మొదలెడతారు, ఎందుకంటే అది న్యాయంగా అనిపిస్తుంది. దాంట్లో తిరకాసు ఏంటంటే మీరు పని నేర్చుకున్నకొద్దీ మీ ఆదాయం తగ్గుతుంది. నాకు ఒక క్లయింటు మొదటి నెల ఆరు గంటలు పట్టింది, నాలుగో నెలకి రెండున్నర గంటల్లో అయిపోయింది, పని అదే, నాణ్యత ఇంకా మెరుగు, బిల్లు మాత్రం సగానికన్నా తక్కువ. నెలకి ఫిక్స్‌డ్‌గా ఇంత అనుకుంటే ఈ బాధ ఉండదు, క్లయింటుకి కూడా ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది. కానీ ఫిక్స్‌డ్‌కి ఒక కంచె కావాలి, నెలకి ఇన్ని లావాదేవీల దాకా, ఇన్ని బ్యాంకు ఖాతాల దాకా, అది దాటితే తర్వాతి మెట్టు రేటు అని రాసిపెట్టుకోవాలి. లేదంటే ఒక ఖాతా అన్నవాళ్లు మూడు ఖాతాలు, ఒక కార్డు తెస్తారు, వద్దనలేం. లావాదేవీకి ఇంత అనే పద్ధతి కూడా ఉంది, డేటా ఎంట్రీ లాంటి పనికి సరే, కానీ ఒక్క లావాదేవీ గురించి అరగంట ఫోన్లో మాట్లాడాల్సొచ్చినప్పుడు గిట్టదు.

పాత లెక్కలు శుభ్రం చేసే పనికి మాత్రం చూడకుండా ఫిక్స్‌డ్ చెప్పకండి. "ఏముందండీ, ఆరు నెలలవి అంతే" అంటారు, తెరిస్తే సొంత ఖర్చులూ వ్యాపారం ఖర్చులూ కలిసిపోయిన రెండు ఖాతాలు, రసీదులు ఫోన్లో ఫొటోలుగా. దానికి గంటలెక్కే మేలు, లేదా ఒక నెల చేసి చూసి దాన్నిబట్టి మొత్తం చెప్పండి.

ఎంతమంది క్లయింట్లు పడతారో తేల్చుకునేటప్పుడు నెల మొత్తం గంటలు చూడకండి, మొదటి పది రోజుల్లో మీకు దొరికే గంటలు చూడండి. పని అంతా అక్కడే కుప్పపడుతుంది, ఎందుకంటే స్టేట్‌మెంట్లన్నీ ఒకేసారి వస్తాయి. మొదటి పది రోజుల్లో పన్నెండు గంటలు దొరికితే, ఒక్కొక్కరికి మూడు గంటలనుకుంటే నలుగురు, అందులో ఒకరు రసీదులు లేటుగా పంపేవాళ్లు ఉంటారు కాబట్టి ముగ్గురు.

కాగితాల సంగతి

దేశాన్నిబట్టి రూల్స్ మారతాయి, మొదలెట్టేముందు మీరుండే చోట ఏంటో చూసుకోవాలి. బ్రిటన్‌లో డబ్బు తీసుకుని బుక్‌కీపింగ్ చేసేవాళ్లు మనీ లాండరింగ్ నిరోధక పర్యవేక్షణ కింద నమోదవ్వాలి. ఆస్ట్రేలియాలో బ్యాస్ అనే, వ్యాపారాలు పన్ను శాఖకి ఇచ్చే స్టేట్‌మెంట్ పని ఫీజుకి చెయ్యాలంటే ట్యాక్స్ ప్రాక్టీషనర్స్ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. అమెరికాలో డబ్బు తీసుకుని ఫెడరల్ పన్ను రిటర్నులు తయారుచేసేవాళ్లకి పన్ను శాఖ ఇచ్చే పీటిన్ అనే గుర్తింపు నంబరు కావాలి. ఇండియాలో చట్టప్రకారం కంపెనీ ఆడిట్ చార్టర్డ్ అకౌంటెంట్లే చెయ్యాలి. పద్దులు రాయడం వేరు, రిటర్ను వెయ్యడం వేరు, ఆడిట్ వేరు, ఈ గీత మీ ఒప్పందంలోనే రాసెయ్యండి, నేను చేసేది ఇది, చెయ్యనిది ఇది అని. మీ ఉద్యోగం ఒప్పందంలో బయటి పని మీద ఏముందో కూడా చదవండి, ముఖ్యంగా మీరు ఇప్పటికే ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్‌లో ఉంటే.

క్లయింటు పాస్‌వర్డ్ ఇస్తానంటే వద్దనండి. సాఫ్ట్‌వేర్‌లో అకౌంటెంట్‌గా మీ పేరుమీద వేరే లాగిన్ ఇప్పించుకోండి, బ్యాంకుకైతే చూడ్డానికి మాత్రమే అనుమతి, లేదా వాళ్లే స్టేట్‌మెంటు పంపాలి. డబ్బు కదిపే అధికారం, పద్దు రాసే పని ఒకే చేతిలో ఉండకూడదు, అది మీమీద నమ్మకం లేక కాదు, రేపు ఏదైనా తేడా వస్తే మొదట చూసేది మీవైపే కాబట్టి.

మూడేళ్ల మూట తెచ్చేవాళ్లు

ఒకటి మిగిలింది, సైడ్‌గా చేసేవాళ్లందరికీ తొందర్లోనే ఎదురయ్యేది. ఒకాయన వస్తారు, మూడేళ్లుగా లెక్కలు రాయలేదు, ఇప్పుడు అప్పు కోసమో, భాగస్వామి అడిగారనో అర్జంటుగా కావాలి. ఇక్కడ రెండు దారులు. ఒకటి మూడేళ్లూ నెలనెలా తవ్వుకుంటూ రావడం, రెండోది పాత కథ వదిలేసి ఒక తారీకు పెట్టుకుని ఆరోజుకి ఏమేం ఉన్నాయో, ఎవరికెంత బాకీయో తేల్చి ఓపెనింగ్ బ్యాలెన్సులు రాసి అక్కడినుంచి మొదలెట్టడం. రిటర్నులు వెయ్యని ఏళ్లు ఉంటే మొదటి దారి తప్పదు, ఆ ఏళ్లకి అంకెలు కావాలి కదా. రిటర్నులు అప్పట్లోనే ఎవరో వేసేసి ఉంటే, ఆఖరి రిటర్నులో చూపించిన ఆస్తి అప్పుల పట్టీ అంకెలు తీసుకుని వాటినే ఓపెనింగ్‌గా పెట్టుకోవడం మేలు, కొండను తవ్వి ఎలుకను పట్టే పని తప్పుతుంది. కాకపోతే బ్యాంకు బ్యాలెన్సు ఒక్కటి ఆ తారీకు స్టేట్‌మెంటుతో కలిసిందో లేదో చూసుకోండి. కలవకపోతే ఆ తేడాని సస్పెన్సు ఖాతాలో, అంటే కారణం తేలేదాకా ఉంచే తాత్కాలిక ఖాతాలో పెట్టి, ఆ సంగతి క్లయింటుకీ, రిటర్ను వేసినవాళ్లకీ మెయిల్‌లో రాసి, వాళ్ల జవాబు వచ్చాకే కదపండి. మొదటి ఏడాదిలో అయితే నేను ఈ పని తీసుకునేవాణ్ని కాదు, రెండో ఏడాదిలో తీసుకున్నా, అది కూడా సగం ఫీజు ముందే పడ్డాక.